తాజుల్‌ములూక్ విజయుడైన కథ

గులేబకావళి పేరు చెప్పగానే మన ఇళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కొక్క బొమ్మ కళ్ళముందుకు వస్తుంది. ఉర్దూ చదువుకున్న పెద్దలకు తాజుల్‌ములూక్ షాజాదా కనిపిస్తాడు. చేతిలో పువ్వు, వేలికి పరిచేత్తో మారిన ఉంగరం. తెలుగు బడిలో చదివి టూరింగు టాకీసుల్లో పెరిగినవారికి మాత్రం ఎన్.టి. రామారావు గారే కనిపిస్తారు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే ఎప్పుడో ఒకప్పుడు ఒక మాట రానే వస్తుంది: "మన కథని సినిమావాళ్ళు పట్టుకుపోయి పేర్లన్నీ మార్చేశారు" అని. మార్చారన్నది నిజమే. అయితే "మన కథ" అన్న మాటను కొంచెం నిలబెట్టి అడగాలి. ఆ కథ ఎవరిది? ఎవరి చేతి మీదుగా ఎవరి చేతికి వచ్చింది? దాన్ని మార్చిన మొదటివాళ్ళు సినిమావాళ్ళేనా? ఈ సంచికలో ఆ సంగతే కాస్త తీరిగ్గా చూద్దామని మా ఉద్దేశం.

పిల్లల కోసం ముందు కథ. తూర్పు దేశాన్నేలే జైనుల్‌ములూక్ బాదుషాకు నలుగురు కొడుకులు. ఐదోవాడు తాజుల్‌ములూక్ పుట్టినప్పుడు జ్యోతిష్కులు లెక్కగట్టి, తండ్రి ఈ బిడ్డను కళ్ళారా చూస్తే చూపు పోతుందన్నారు. బిడ్డను వేరే మహల్లో పెంచారు. ఎంత దాచినా రాసిపెట్టింది తప్పుతుందా? ఒకనాడు వేటలో తండ్రి కొడుకును చూడనే చూశాడు, చూపు పోనే పోయింది. హకీములంతా కూడి, పరీల రాజ్యంలో బకావలి తోటలో ఉన్న పువ్వు ఒక్కటే దీనికి మందన్నారు. పెద్దవాళ్ళు నలుగురూ అట్టహాసంగా బయలుదేరారు. చిన్నవాడు, ఎవరికీ అక్కరలేనివాడు, వాళ్ళ వెనకాలే మామూలు మనిషిలా నడిచాడు.

దారిలో దిల్బర్ అనే వేశ్య. ఆమె గడప తొక్కాలంటే లక్ష చెల్లించాలి, అందుకే ఆమెకు లఖ్ఖా అని పేరు. రాత్రంతా పాచికలాడించి, వచ్చినవాడి డబ్బు, గుర్రాలు, చివరికి మనిషినే గెలుచుకుని బానిసగా ఉంచుకునేది. ఆమె ఎలా గెలుస్తుందన్నదే ఈ కథలో అందరూ నోరు తెరుచుకుని వినే ఘట్టం. దీపపు సెమ్మె ఉండవలసినచోట ఒక పిల్లి కూర్చుని ఉంటుంది, దాని తలమీద దీపం. పాచిక ఆమెకు వ్యతిరేకంగా పడగానే పిల్లి తల కదుపుతుంది, నీడ పడుతుంది, ఆ నీడలో ఒక ఎలుక వచ్చి పాచికను తిప్పేస్తుంది. అన్నలు నలుగురూ అక్కడే బానిసలైపోయారు. తాజుల్‌ములూక్ మాత్రం ఈ మర్మం ముందుగా కనిపెట్టి, ఒక ముంగిసపిల్లను మచ్చిక చేసుకుని అంగీ చేతిలో దాచుకుని వెళ్ళాడు. ముంగిస బయటికి రాగానే ఎలుక పరారు, పిల్లీ పరారు. దిల్బర్ ఓడింది.

ఆ తరువాత దేవ్‌లు అనే రాక్షసులు, వాళ్ళను మంచి చేసుకోవడం, ఎలుకలు తవ్విన సొరంగంలోంచి బకావలి తోటలోకి పోవడం, నిద్రపోతున్న బకావలి వేలి ఉంగరం తీసుకుని తన ఉంగరం తొడిగి రావడం, తిరుగుదారిలో అన్నలు పువ్వు లాక్కోవడం, తండ్రికి చూపు రావడం, పువ్వు పోగొట్టుకున్న బకావలి మగవేషంలో దొంగను వెతుక్కుంటూ అదే దర్బారులో కొలువుకు చేరడం - ఇదంతా ఒక సగం. రెండో సగం మొదలయ్యేది మనం అనుకోనిచోట. దేవేంద్రుడి సభలో!

అవును, ఫారసీలో రాసిన దాస్తానులో సాక్షాత్తూ రాజా ఇందర్. బకావలి పరి గనుక రాత్రి ఆయన సభలో నాట్యం చేయవలసినది. మనిషిని పెళ్ళాడిన వాసన ఆమెకు అంటిందని, ప్రతి రాత్రీ ఆమెను నిప్పులో వేసి శుద్ధిచేసి, ఆ తరువాత ఆడించేవారట. భార్య రాత్రిళ్ళు ఎక్కడికి పోతున్నదో తెలియక తాజుల్‌ములూక్ ఆమె రథాన్ని పట్టుకుని దాక్కుని వెళతాడు. చూస్తాడు. మరునాడు మృదంగం వాయించేవాడి స్థానంలో తానే కూర్చుంటాడు. ఆ వాయిద్యానికి ఆమె అడుగు ఎంత గొప్పగా పడిందంటే ఇంద్రుడు మెచ్చి వరం కోరుకోమన్నాడు. ఆమె ఆ మృదంగం వాయించేవాణ్ణే కోరింది. ఇంద్రుడికి కోపం వచ్చింది. మాట ఇచ్చాను గనుక వాడు నీవాడే, కాని పన్నెండేళ్ళు నడుము కిందిభాగం రాయివై పడివుండమన్నాడు. సింహళద్వీపంలో ఒక గుడిలో ఆమె సగం రాయిగా, సగం మనిషిగా ఉంది. తరువాత ఆ గుడిని కూలగొట్టి నేల దున్ని ఆవాలు చల్లారు. ఆ ఆవాలు తిన్న రైతు భార్యకు ఆడపిల్ల పుట్టింది. ఆమే బకావలి. పిల్ల ఎదిగేదాకా తాజుల్‌ములూక్ ఎదురుచూశాడు.

ఈ కథను 1722లో ఫారసీ వచనంలో రాసినాయన పేరు ఇజ్జతుల్లా బెంగాలీ. పేరులోనే ఊరు ఉంది. ఇంద్రసభ, సింహళం, శాపం, పునర్జన్మ - వీటన్నిటినీ ఆయన ఇరాన్‌నుంచి తెచ్చుకోలేదన్నది స్పష్టం. ఇక్కడి జనం నోళ్ళలో నలుగుతున్నదాన్నే పట్టి, దానికి దాస్తాను అంగీ తొడిగాడు. అంటే మనం మూలం అనుకుంటున్న పుస్తకం కూడా ఒక మార్పే. పాట్లు పడే రాకుమారుణ్ణి మొదట ఏ పేరుతో చెప్పుకునేవారో, ఆయనను తాజుల్‌ములూక్‌గా మార్చినప్పుడు అప్పటి పెద్దలెవరైనా "మన కథ పట్టుకుపోయారు" అని నిట్టూర్చారో లేదో!

రెండో మార్పు కలకత్తాలో జరిగింది. కంపెనీ దొరలకు దేశభాషలు నేర్పడానికి 1800లో ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టారు. గిల్‌క్రిస్ట్ దొర హిందుస్తానీ శాఖ చూసేవాడు. చదవడానికి తేలికైన వచనం లేదు గనుక మున్షీలను కుదిర్చి రాయించాడు. మీర్ అమ్మన్ గారి 'బాగ్-ఓ-బహార్' అక్కడ పుట్టిందే. నిహాల్‌చంద్ లాహోరీ అనే మున్షీకి బకావలి కథ వచ్చింది. ఆయన దాన్ని ఉర్దూలో రాసి 'మజ్హబ్-ఎ-ఇష్క్' అని పేరు పెట్టాడు. ప్రేమ అనే మతం అని అర్థం. ఆ పేరులోనే సంవత్సరం దాచాడు. అబ్జద్ లెక్క తెలిసిన పిల్లలు వేసి చూడవచ్చు: మీమ్ 40, జాల్ 700, హే 5, బే 2, ఐన్ 70, షీన్ 300, ఖాఫ్ 100. మొత్తం 1217. అది హిజ్రీ సంవత్సరం, క్రీస్తుశకంలో 1802-03. పన్నులు వసూలు చేయడానికి, ఫిర్యాదులు వినడానికి వచ్చిన పడుచు ఇంగ్లీషు ఉద్యోగులు పిల్లి తలమీద దీపం కథ చదివి మన భాష నేర్చుకున్నారన్నమాట. పాఠ్యపుస్తకం కావలసి వచ్చింది కాబట్టే కథ సులువైన మాటల్లోకి దిగింది. ఫారసీ రానివాడికి కూడా అందింది. దొరల అవసరమే అయినా లాభం మనకూ దక్కింది.

మూడో మార్పు అన్నిటికంటె అందమైనది, అన్నిటికంటె పెద్ద తగాదా తెచ్చినదీ అదే. లక్నోలో పండిత దయాశంకర్ నసీమ్ అనే కాశ్మీరీ బ్రాహ్మణ కవి ఉండేవాడు. ఖ్వాజా హైదర్ అలీ ఆతిష్ గారికి శిష్యుడు. ఆయన 1838 ప్రాంతంలో ఈ కథను మస్నవీగా కట్టి 'గుల్జార్-ఎ-నసీమ్' అన్నాడు. ముందు చాలా పెద్దగా రాసి చూపిస్తే, ఉస్తాదు "ఇంత ఎవరు చదువుతారు, నువ్వూ నేను తప్ప?" అన్న ధోరణిలో అన్నారని, దానితో నసీమ్ కోసి కోసి చిన్నది చేశాడని ప్రతీతి. చిన్నదైందేగాని ప్రతి ద్విపదలోనూ శ్లేష. ఒక పదం రెండు పనులు చేస్తుంది. నిహాల్‌చంద్ రెండు పుటల్లో చెప్పినదాన్ని నసీమ్ రెండు పాదాల్లో దాటిపోతాడు. కథ తెలియనివాడు ఆ మస్నవీ చదివితే తికమకపడతాడు. తెలిసినవాడికే ఆ రుచి. ఇది కథను మార్చడంలో మరో పద్ధతి. వినేవాడికి అంతా తెలుసునని నమ్మి చెప్పడం. నసీమ్ 1845లోనే, నడివయసు రాకుండానే పోయాడు.

అరవై ఏళ్ళ తరువాత, 1905లో, బ్రిజ్‌నారాయణ్ చక్‌బస్త్ ఆ మస్నవీని మళ్ళీ అచ్చువేసి మెచ్చుకుంటూ పీఠిక రాశాడు. 'దిల్‌గుదాజ్' పత్రిక నడిపే మౌల్వీ అబ్దుల్ హలీం షరర్ ఒప్పుకోలేదు. భాషలో తప్పులెంచాడు. అంతటితో ఆగక, ఇందులో బాగున్నది ఆతిష్ రాసిందే అయివుంటుందన్న అనుమానం కూడా ముందుకు తెచ్చాడు. చక్‌బస్త్ బదులిచ్చాడు. 'అవధ్ పంచ్' పత్రిక ఆయన పక్షాన వెటకారాలు అచ్చువేసింది. ఈ వాదం ఉర్దూ సాహిత్యంలో ఒక యుద్ధంగా పేరుపడింది, తరువాత పుస్తకంగానూ వచ్చింది. షరర్ సామాన్యుడు కాడు, పాత లక్నో జీవితం గురించి ఆయన రాసిన వ్యాసాలకు మించినవి మేమెరగం. కాని ఈ విషయంలో ఆయన పొరపడ్డాడనే మా అభిప్రాయం. ఉస్తాదు దిద్దుబాటు ప్రతి షాయర్‌కీ ఉంటుంది. అది ఉన్నంతమాత్రాన శిష్యుడి పేరు చెరిపేస్తే ఇక పుస్తకాల గదిలో ఎవరి పేరు మిగులుతుంది? భాష ఎవరి సొత్తు అన్న చిక్కు ఒక పండితుడి మస్నవీ చుట్టూ తిరగడం, ఆ రోజులను తలుచుకుంటే, మనసుకు కష్టమనిపిస్తుంది.

ఇక రంగస్థలం. బకావలి కథకు ఒక తోబుట్టువు ఉంది. ఆగా హసన్ అమానత్ 1853 ప్రాంతంలో లక్నోలో రాసిన 'ఇందర్ సభా'. అందులోనూ రాజా ఇందర్, అందులోనూ మనిషిని ప్రేమించిన పరి - ఆకుపచ్చ పరి, గుల్ఫామ్ షాజాదా. యవ్వనంలో జబ్బుచేసి మాట పడిపోయి, తిరిగివచ్చాక కూడా నత్తిగా మాట్లాడే మనిషి ఈ అమానత్. ఆయన రాసిన నాటకం మొదటినుంచి చివరిదాకా పాట! ఆ బాణీనే బొంబాయి పార్సీ కంపెనీలు అందుకున్నాయి. అగ్నిపూజ చేసే యజమానులు, ఉర్దూ రాసే మున్షీలు, అన్ని మతాల నటులు. వేదిక కింద తలుపు తెరిచి రాక్షసుణ్ణి పైకి లేపడం, తీగలమీద పరీలను దించడం వాళ్ళ ప్రత్యేకత. బకావలి కూడా ఆ వేదిక ఎక్కింది. ఆ కంపెనీలు హైదరాబాదు, మద్రాసు దాకా తిరిగి ఆడాయి. తెలుగు నాటకంలో పక్కతెరలు, హార్మోనియం, హిందుస్తానీ వరసలు రావడంలో వాళ్ళ పాలు కొంత ఉంది. పుస్తకంలో ఒక్క వాక్యంతో అయిపోయే "ఎగిరిపోయింది" అన్న మాటకు వేదికమీద తీగలు, కప్పీలు, నలుగురు మనుషులు కావాలి. అందుకని నాటకం కథలో ఎక్కువ ఎగరగలిగిన చోట్లే ఎక్కువసేపు నిలిచేది. మాటలు వచ్చిన తొలిరోజుల్లో, 1932లో, మదన్ కంపెనీ 'ఇందర్ సభా'ను సినిమా తీస్తే అందులో డెబ్బై పాటల వరకు ఉన్నాయంటే ఆ నాటకం పట్టు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

సినిమాలో బకావలి మొదటి రూపం మాత్రం మూగది. 1924లో బొంబాయి కోహినూర్ కంపెనీ తరఫున కాంజీభాయ్ రాథోడ్ తీసిన 'గుల్-ఎ-బకావలి' దేశమంతటా ఆడిన తొలి పెద్ద చిత్రాల్లో ఒకటి. జుబేదా నాయిక. ఆలోచించండి: ఫారసీ పోయింది, ఉర్దూ పోయింది, నసీమ్ శ్లేషలు పోయాయి. మిగిలింది పిల్లి, ఎలుక, ఉంగరం, పువ్వు, గుడ్డి తండ్రి. భాష మొత్తం ఒలిచేసినా కథ నిలిచింది. భాష లేదు గనుకనే అది బెంగాలుకూ మద్రాసుకూ ఒక్కసారే అర్థమైంది. నసీమ్ అభిమానులు ఇది వింటే నొచ్చుకుంటారు గాని, ఆ పరీక్షకు నిలబడే మస్నవీలు ఎన్నున్నాయి? 1939లో లాహోరులో పంచోలీ సంస్థ పంజాబీలో తీసింది. గులాం హైదర్ సంగీతం, అప్పటికి చిన్నపిల్లగా ఉన్న నూర్‌జహాన్ పాట. 1955లో టి.ఆర్. రామన్న అరవంలో తీస్తే ఎం.జి. రామచంద్రన్ కథానాయకుడు.

తెలుగులో నేషనల్ ఆర్ట్ థియేటర్ వారి 'గులేబకావళి కథ' 1962లో వచ్చింది. త్రివిక్రమరావు గారు నిర్మాత, రామారావు గారు కథానాయకుడు, దర్శకుడు కూడా. తాజుల్‌ములూక్ విజయుడయ్యాడు. పాచికలాడే దిల్బర్ యుక్తిమతి అయింది, జమున గారు ఆ వేషం వేశారు. పేరు ఎంపికలో ఒక చమత్కారం ఉంది, గమనించండి: లక్ష అడుగుతుంది గనుక లఖ్ఖా అన్న పేరు ఆమె ధరను చెబుతుంది, యుక్తిమతి అన్న పేరు ఆమె తెలివిని చెబుతుంది. మార్పులో అన్నీ పోవడమే ఉండదు.

ఆ చిత్రానికి పాటలన్నీ రాసినాయన సి. నారాయణరెడ్డి గారు. ఆయనకు అదే మొదటి సినిమా. కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టి, నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకుని, ఆ తరువాత ఉస్మానియాలో తెలుగు పండితుడైన మనిషి. తరువాతి కాలంలో తెలుగులో గజళ్ళు రాసి పాడినవారు, 1988 జ్ఞానపీఠం అందుకున్నవారు. అటువంటివారి కలం సినిమాల్లోకి రావడానికి దొరికిన గుమ్మం బకావలి తోట గుమ్మమే కావడం మాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. సంగీతం జోసెఫ్, విజయా కృష్ణమూర్తి. ఒకసారి వరస పెట్టి చూడండి: బెంగాలీ ముస్లిం ఫారసీలో రాశాడు, లాహోరీ హిందువు ఉర్దూ వచనం చేశాడు, కాశ్మీరీ పండితుడు మస్నవీ కట్టాడు, పార్సీలు ఆడారు, గుజరాతీ మూగసినిమా తీశాడు, ఉర్దూ బడిలో చదివిన తెలంగాణ కవి తెలుగు పాటలు రాశాడు. "మన కథ" అనాలంటే ఇంతమందినీ కలుపుకుని అనవలసిందే.

పేర్లు మార్చినా ఒకటి మాత్రం మార్చలేదు. "గుల్-ఎ-బకావలి" అంటే బకావలి పువ్వు. నడుమనున్న ఆ "ఎ" ఫారసీ ఇజాఫత్, షష్ఠీ విభక్తిలాంటిది. తెలుగులోకి వచ్చేటప్పుడు ఎవరూ దాన్ని విడదీసి అనువదించలేదు. పొలంలో కలుపు తీసే ఆమె కూడా గులేబకావళి అన్నప్పుడు, తనకు తెలియకుండానే ఫారసీ వ్యాకరణం పలుకుతున్నది. చివరి అక్షరం మాత్రం మన నోట "ళి" అయింది. తెలుగు చెవికి "బకావళి" అంటే కొంగలబారు. తెల్లని పువ్వుకు అదీ నప్పింది. నర్మద పుట్టే అమర్‌కంటక్‌లో ఇప్పటికీ గుల్‌బకావలి అనే తెల్లపూల మొక్క చూపిస్తారు, దాని అర్కు కంటిమందుగా అమ్ముతారు. (కళ్ళకు బాధ ఉన్నవారు మాత్రం డాక్టరు దగ్గరికే వెళ్ళాలని మనవి.)

కాబట్టి పేర్లు మార్చారన్న ఫిర్యాదు మాకు పెద్దదిగా తోచదు. అసలు నష్టం మరోచోట జరుగుతుంది. అల్లావుద్దీన్ అద్భుతదీపం, ఆలీబాబా నలభై దొంగలు - ఈ రెండూ తెలుగులో 1957లో అక్కినేని గారితో, 1970లో రామారావు గారితో సినిమాలుగా వచ్చాయి. ఇవి వెయ్యిన్నొక్క రాత్రుల పాత అరబ్బీ ప్రతుల్లో లేని కథలు. అలెప్పో నుంచి పారిస్ వెళ్ళిన హన్నా దియాబ్ అనే సిరియా క్రైస్తవ యువకుడు 1709లో ఆంత్వాన్ గాలాఁ అనే ఫ్రెంచి పండితుడికి నోటితో చెప్పినవి. గాలాఁ తన దినచర్య పుస్తకంలో ఆ కుర్రవాడి పేరు రాసుకున్నాడు. అచ్చు పుస్తకంలో వేయలేదు. రెండు వందల ఏళ్ళదాకా లోకానికి హన్నా అనేవాడు ఉన్నట్టే తెలియదు. దీపం ఊరూరా వెలిగింది. వెలిగించినవాడు చీకట్లో ఉండిపోయాడు. దాంతో పోలిస్తే బకావలి అదృష్టవంతురాలు, ఇజ్జతుల్లా నుంచి నారాయణరెడ్డి గారి దాకా ఎవరేమి చేశారో పేర్లతో సహా చెప్పగలుగుతున్నాం.

చెప్పలేనిది ఒక్క మన ఇళ్ళ సంగతే. దాదీమాలు, నానీమాలు వానాకాలపు రాత్రుల్లో, లాంతరు తగ్గించి, దక్కనీ మాటల్లో ఈ కథ చెప్పేవారు. వాళ్ళలో చాలామందికి అక్షరం రాదు. నసీమ్ పేరు తెలియదు. ఒకరి కథలో ముంగిస బదులు పాము వచ్చేది, మరొకరి కథలో సింహళం బదులు పక్క ఊరి గుట్ట వచ్చేది. అవీ మార్పులే, పై చెప్పిన వాటికి ఏమాత్రం తీసిపోనివి. సెలవులకు ఇంటికి వచ్చే మన కాలేజీ పిల్లలకు ఒక పని అప్పగిస్తున్నాం: ఇంట్లో ఈ కథ ఇంకా గుర్తున్న పెద్దామె ఎవరైనా ఉంటే కూర్చోబెట్టి చెప్పించుకోండి, ఫోనులో రికార్డు చేయండి, మధ్యలో సరిదిద్దవద్దు. ఆవాల చేను దాకా గుర్తుంటే మరీ మంచిది. రాసి పంపేటప్పుడు మొదటి వరుసలో ఆమె పేరు, ఊరు, తాను ఎవరి దగ్గర విన్నదో తప్పక రాయండి. ఆ తరువాతే కథ.